సారె లేకుండా చేత్తో కుండ: మన మట్టితో కుండ సేద్యానికి కుండలు చేసుకోవడం ఎలా?



పెరట్లో పాతిన కుండల వీడియో పెట్టిన దగ్గర నుంచి ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "ఆ కుండలు ఎక్కడ కొన్నారండీ?" అని. కొనలేదండి, ఇంట్లోనే చేశాం. సారె లేదు, మోటారు చక్రం లేదు. మట్టి, ఊక, పిడకలు, ఒక చెక్కముక్క, ఒక గుండ్రాయి, అంతే. చేతులు చేసే పని వీడియోలో కనబడుతుంది. కానీ ఏ మట్టి తీసుకోవాలి, ఎందుకు పగులుతుంది, ఎంత కాల్చాలి అనేవి వీడియోలో పూర్తిగా చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది చదివి కుమ్మరి పని వచ్చేస్తుందని అనుకోవద్దు. సారె మీద పలచగా, గుండ్రంగా కుండ తియ్యడానికి ఏళ్లు పడుతుంది. మనకి కావాల్సింది భూమిలో పాతి నీళ్లు పోసే కుండ. దానికి అందం అక్కర్లేదు. నీరు మెల్లగా చెమర్చాలి, పగలకుండా రెండు మూడేళ్లు ఉండాలి. ఆ మాత్రం కుండ చేత్తో చేసుకోవచ్చు. నేలని చదవడం తెలిసిన రైతుకి సగం పని ముందే వచ్చినట్టు లెక్క.

కుండ సేద్యం రెండు ముక్కల్లో

కాల్చిన మట్టి కుండకి కంటికి కనబడని సన్నటి రంధ్రాలు ఉంటాయి. మెడ దాకా భూమిలో పాతి నీళ్లు నింపితే, చుట్టూ మట్టి పొడిగా ఉన్నప్పుడు ఎక్కువ లాగుతుంది, తడిగా ఉన్నప్పుడు తక్కువ లాగుతుంది. అంటే మొక్కకి ఎంత కావాలో దాదాపు అంతే బయటికి వస్తుంది. పైమట్టి తడవదు కాబట్టి కలుపు తక్కువ, ఆవిరయ్యే నీరూ తక్కువ.

ఇది కొత్త సంగతి కాదు. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి ఫాన్ షెంగ్‌జి వ్యవసాయ గ్రంథంలోనే పొలంలో కుండ పాతి, నీళ్లు నింపి, చుట్టూ దోస జాతి గింజలు పెట్టే పద్ధతి ఉంది. మన దేశంలో 1970ల్లో హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ దీని మీద ప్రయోగాలు చేసింది. మామూలుగా పారిస్తే పనికిరాని ఉప్పు నీటితో కూడా కుండ పాతి కూరగాయలు పండించవచ్చని చూపించింది. కుండ చుట్టూ మట్టి ఎప్పుడూ ఒకే తడిమీద ఉంటుంది కాబట్టి ఉప్పు వేరు దగ్గర చిక్కబడదు, తడి అంచుకి నెట్టుకుపోతుంది. ఉప్పుటేరు వైపు, ఆకివీడు, కైకలూరు వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉన్నవాళ్లకి ఇది తెలిసి ఉండటం అవసరం.

కొనుక్కుంటే సరిపోదా?

సరిపోతుంది, దొరికితే. భీమడోలు వైపు ఒక ఊళ్లో కుమ్మరి పని చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఆవం ఇప్పుడు ఏడాదికి కొన్నిసార్లే వెలుగుతోంది. దీపావళికి ప్రమిదలు, పెళ్లిళ్లకి అరివేణి కుండలు, ఎండాకాలం కూజాలు. అంతే. కొడుకులు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. "కుండ కొనేవాళ్లు తగ్గారని అందరూ అంటారు బాబూ, అది నిజమే. కానీ మాకు అంతకన్నా పెద్ద కష్టం మట్టి. మేము మట్టి తెచ్చుకునే చెరువులన్నీ చేపల చెరువులయ్యాయి. ఇప్పుడు ట్రాక్టరు మట్టి కొనుక్కోవాలి" అన్నారు.

మన ప్రాంతంలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కొల్లేరు చుట్టూ ఉన్న మండలాల్లో గట్టు మీద నుంచుంటే ఎటు చూసినా చెరువులే. ఇంత మట్టి ఉన్న దేశంలో కుండకి మట్టి కరువు.

ఆయన చెప్పిన రెండో మాట నాకు దారి చూపించింది. "సారె మీద అయ్యేది సగం పనే బాబూ. మిగతా సగం తట్టడంలో ఉంది." నిజమే. సారె మీద నుంచి తీసిన కుండకి అడుగు సరిగా ఉండదు. మట్టి కొంచెం ఆరాక లోపల రాయి పెట్టి, బయట చెక్కతో తడుతూ గుండ్రటి అడుగు మూస్తారు. ఆ తట్టుడుతోనే గోడ పలచబడుతుంది, గట్టిపడుతుంది. అంటే మనం రోజూ చూసే గుండ్రటి కుండ అడుగు చేత్తో తయారైందే. మిగతా సగం కూడా చేత్తో చెయ్యొచ్చు కదా అనిపించింది.

సారె కన్నా ముందు చెయ్యి

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే చోట బూడిద దిబ్బ ఉంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, అది వేరు. ఇక్కడ 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు చేశారు. ఆ బూడిద అంతా కాలిపోయిన పశువుల పేడే. నాలుగు వేల ఏళ్లకి ముందు అక్కడ పశువుల మందలు కట్టి బతికినవాళ్ల దొడ్లు అవి. వాళ్ల కుండలు ఎక్కువ భాగం సారె లేకుండా చేత్తో చేసినవి, రాయితో రుద్ది నునుపు చేసినవి. ఆవులు, పేడ, చేతి కుండ. మన పద్ధతి వాళ్లకి ఇవన్నీ తెలిసిన సరుకే.

ఇప్పటికీ ఈ పని బతికి ఉన్న చోట్లు ఉన్నాయి. మణిపూర్‌లో ఆండ్రో అనే ఊళ్లో ఆడవాళ్లు సారె లేకుండా కుండలు చేస్తారు. కుండ తిరగదు, మనిషే కుండ చుట్టూ తిరుగుతుంది. అదే రాష్ట్రంలో లోంగ్‌పి ఊళ్లో రాతి పొడి, మట్టి కలిపి నల్లటి వంట పాత్రలు చేత్తో చేస్తారు.

అంత దూరం ఎందుకు? మన ఇళ్లలో అమ్మమ్మలు వేసిన మట్టి పొయ్యి, పాలు కాగే దాలి, చలికాలం కుంపటి ఎవరు చేశారు? అమ్మమ్మలే కదా. ఏ మట్టిలో ఎంత ఊక కలపాలో, ఎంత ఆరాక అలకాలో వాళ్లకి తెలుసు. వినాయక చవితికి మట్టి ప్రతిమ చెయ్యని పిల్లలు మన ఊళ్లలో తక్కువ. చెయ్యి మరిచిపోలేదు, కాల్చడం ఒక్కటే అలవాటు తప్పింది.

ఏ మట్టి?

అసలు విషయం ఇదే. కుండ పగిలిందంటే చాలాసార్లు తప్పు చేతిది అయి ఉండదు, మట్టిది అయి ఉంటుంది.

మన ప్రాంతం మట్టి విషయంలో అదృష్టమైన చోటు. దాదాపుగా ఏలూరు కాలువకి దక్షిణాన పల్లం: నిడమర్రు, గణపవరం, కొల్లేరు వైపు నల్లటి బంకమట్టి. ఉత్తరాన మెట్ట: ద్వారకా తిరుమల, కామవరపుకోట, జంగారెడ్డిగూడెం వైపు ఎర్రమట్టి. రెండూ ఒకటి రెండు గంటల ప్రయాణంలో దొరుకుతాయి.

నల్లమట్టి బంక ఎక్కువ. ఎలా వంచితే అలా వంగుతుంది, అందుకే చేతికి హాయిగా ఉంటుంది. కానీ నీళ్లు తాగి ఉబ్బే గుణం కూడా దానిదే. ఎండాకాలం వరి చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు చూస్తున్నాం కదా, కుండలో కూడా అదే జరుగుతుంది. ఒక్క నల్లమట్టితో చేస్తే ఆరేటప్పుడే చీలుతుంది. ఎర్రమట్టి అంతగా ఉబ్బదు, అంతగా కుదించుకోదు. కానీ ఇసుక పాలు ఎక్కువ కాబట్టి ఒక్కదానితో చేస్తే వంచినచోట విరుగుతుంది. రెండూ కలిపితే ఒకదాని లోపం ఇంకొకటి సర్దుతుంది.

ఒక హెచ్చరిక. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అభయారణ్యం హద్దులోపల మట్టి తియ్యకూడదు, తియ్యక్కర్లేదు కూడా. మీ సొంత పొలంలో దుక్కి లోతు కింద ఉన్న మట్టి చాలు. పైన ఆరేడు అంగుళాలు వదిలెయ్యండి. అది వానపాముల ఇల్లు, మన పంట బలం. బోదె తవ్వినప్పుడో, నీటి కుంట తీసినప్పుడో వచ్చే కింది మట్టి కుండకి మంచిది. చేపల, రొయ్యల చెరువుల అడుగు బురద మాత్రం వద్దు. ఉప్పు, మందుల అవశేషాలు అందులో ఉండొచ్చు.

నాలుగు పరీక్షలు

వీటికి ఖర్చు లేదు. మట్టి మోసుకురాకముందే చెయ్యండి.

1. సీసా పరీక్ష. డిప్లొమాలో నేల పరీక్ష పాఠంలో మాకు చేయించిందే. లీటరు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు సబ్బు పొడి వేసి బాగా ఊపి కదలకుండా పెట్టండి. నిమిషంలో దిగేది ఇసుక. రెండు మూడు గంటల్లో దాని మీద దిగేది ఒండ్రు. రోజు గడిచాక కూడా మెల్లగా దిగుతూ ఉండేది బంక. మొత్తం మందంలో బంక మూడో వంతు కూడా లేకపోతే ఆ మట్టి ఒక్కదానితో కుండ నిలబడదు.

2. వేలి పరీక్ష. తడిమట్టిని పెన్సిలు మందం తాడుగా చేసి వేలికి చుట్టండి. చీలకుండా చుట్టుకుంటే బంక చాలినంత ఉంది. ముక్కలుగా విరిగితే నల్లమట్టి కలపాలి.

3. బిళ్ల పరీక్ష. అరచేయంత బిళ్ల చేసి దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గియ్యండి. నీడలో పూర్తిగా ఆరాక కొలవండి. గీత 9.2 నుంచి 9.5 దాకా ఉంటే మంచిది. 9కి దిగిందంటే ఆ మట్టి చీలుతుంది, ఇసుకో పెంకు పొడో కలపాలి. మా దగ్గర ఒట్టి నల్లమట్టి బిళ్ల 8.8కి వచ్చింది, మధ్యలో చీలింది. ఎర్రమట్టి, పెంకు పొడి కలిపిన బిళ్ల 9.4 దగ్గర ఆగింది. మూడు నాలుగు పాళ్లలో బిళ్లలు చేసి పక్కపక్కనే పెట్టుకోండి, మీ మట్టికి ఏ పాలు సరిపోతుందో అవే చెబుతాయి.

4. నిమ్మకాయ పరీక్ష. కొల్లేరు వైపు మట్టికి ఇది తప్పనిసరి. ఆ మట్టిలో నత్తగుల్లల ముక్కలు ఉంటాయి. గుల్ల అంటే సున్నమే. ఆవంలో వేడి 700, 800 డిగ్రీలు దాటితే గుల్ల కాలి పొడిసున్నం అవుతుంది. కుండ బయటికి తీశాక గాలిలో తేమ తాగి ఆ సున్నం ఉబ్బుతుంది, కుండ గోడ మీద పెచ్చు ఎగిరిపోతుంది. బాగా కాలిందనుకున్న కుండ వారం తర్వాత పగిలిందంటే కారణం చాలావరకు ఇదే. పొడిమట్టి మీద నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే. అలాంటి మట్టిని సన్న జల్లెడ పట్టాలి, లేదా వేరే చోటు మట్టి తీసుకోవాలి.

మట్టి తయారీ

మట్టిని ముందు బాగా ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, నీళ్లలో నానబెట్టండి. పూర్తిగా ఎండిన గడ్డే త్వరగా కరుగుతుంది, సగం తడి గడ్డ రోజులు పడుతుంది. రెండు రోజులు నానాక పలచటి అడుసులా కలిపి, దోమతెర గుడ్డలో వడగట్టండి. రాళ్లు, వేర్లు, గుల్లలు పైనే ఆగిపోతాయి. పైకి తేరిన నీరు వంచేసి, గోనె పట్టా మీద పరిచి, ముద్ద అయ్యేదాకా ఆరనివ్వండి.

మా దగ్గర కుదిరిన పాళ్లు ఇవి, కొలత గంపల లెక్కన: నల్లమట్టి రెండు, ఎర్రమట్టి ఒకటి, పెంకు పొడి లేదా సన్న ఇసుక ఒకటి. పెంకు పొడి అంటే పాత కుండ పెంకులు, మంగళూరు పెంకులు దంచి జల్లించిన పొడి. ఒకసారి కాలిన మట్టి కాబట్టి మళ్లీ కుదించుకోదు. గోడలో అక్కడక్కడా అది ఉంటే చీలిక సాగకుండా ఆగుతుంది. ఇసుక కన్నా ఇదే మంచిది.

కుండ సేద్యం కుండకి ఇంకొకటి చేరాలి: మెత్తగా నలిపిన ఊక, పదోవంతు. తాడేపల్లిగూడెం రైసుమిల్లుల చుట్టూ ఊకకి కొదవ లేదు. ఆవంలో ఊక కాలిపోయి ఆ జాగా ఖాళీ రంధ్రమవుతుంది, ఆ దారినే నీరు చెమరుస్తుంది. పదోవంతు దాటి ఎక్కువ వేస్తే కుండ బలం తగ్గుతుంది, నీరు కారిపోతుంది. గింజలు దాచుకునే కుండకైతే ఊక అసలు వెయ్యొద్దు.

అన్నీ కలిపాక కాళ్లతో తొక్కండి. వరికి దమ్ము చేసినట్టే, గాలి బుడగ మిగలకుండా, అంతా ఒకే ముద్ద అయ్యేదాకా. తర్వాత తడి గోనెలో చుట్టి నీడలో కనీసం వారం పెట్టండి. పులిసిన మట్టి చేతికి బాగా వంగుతుంది. కొంచెం వాసన వస్తుంది, కంగారు పడొద్దు, జీవామృతం కలిపే చేతులకి అది పెద్ద వాసన కాదు.

పొడి మట్టి, పెంకు పొడి, ఊక బూడిద జల్లించేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మాత్రం మరవొద్దు. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

కుండ కట్టడం

ఐదు లీటర్ల కుండకి సుమారు 4 కిలోల తడిమట్టి పడుతుంది.

అడుగు: పాత మూకుడు గానీ, స్టీలు గిన్నె గానీ తీసుకుని లోపల బూడిద చల్లండి, మట్టి అంటుకోదు. వేలు మందం రొట్టెలా మట్టిని తట్టి, గిన్నెలో పరిచి, లోపలి నుంచి ఒత్తండి. గుండ్రటి అడుగు తయారు. గిన్నెని గడ్డి చుట్ట కుదురు మీద పెట్టుకుంటే కదలదు.

గోడ: బొటనవేలు మందం మట్టి తాళ్లు చెయ్యండి, పిల్లలు మట్టి పాములు చేసినట్టు. అడుగు అంచుని పాత దువ్వెనతో గీతలు గీసి, పలచటి అడుసు రాసి, తాడు చుట్టూ పెట్టండి. లోపలి వైపు బొటనవేలితో తాడు మట్టిని కిందికి లాగి అతకండి, బయటి వైపు పైకి లాగండి. రెండు తాళ్ల మధ్య గీత కనబడకూడదు. గీత మిగిలిందంటే ఆవంలో విడిపోయేది అక్కడే. పొట్ట పెరగాలంటే తాడుని అంచుకి కొంచెం బయటికి పెట్టాలి, మెడ తగ్గాలంటే లోపలికి పెట్టాలి.

మూడు నాలుగు తాళ్లు పెట్టాక ఆగండి. అలాగే కట్టుకుంటూ పోతే బరువుకి కిందిభాగం కుంగుతుంది. గంటో రెండు గంటలో ఆరనిచ్చి, అంచుకి మాత్రం తడిగుడ్డ కప్పి ఉంచండి. ఈలోపు రెండో కుండ మొదలుపెట్టుకోవచ్చు. నాలుగు కుండలు వరసగా పెట్టుకుంటే చేతికి ఖాళీ ఉండదు. ఇద్దరు కూర్చుంటే రోజుకి నాలుగైదు కుండలు అవుతాయి.

తట్టడం: మట్టి గట్టి జున్నుముక్కలా అయినప్పుడు గిన్నెలోంచి తియ్యండి. ఒక చేత్తో లోపల గుండ్రాయి పట్టుకుని, సరిగ్గా దానికి ఎదురుగా బయటి నుంచి చెక్కతో తట్టండి. గట్టిగా కొట్టొద్దు, చప్పట్లు కొట్టినట్టు చాలు. చెక్కని మధ్యమధ్యలో తడుపుతూ ఉండండి. చుట్టూ రెండు సార్లు తిరిగేసరికి అతుకులు కలిసిపోతాయి, గోడ సెంటీమీటరు మందానికి వస్తుంది. ఈ పని వదిలేస్తే మాత్రం చేతి కుండ నిలవదు.

ఇక నునుపు. నీళ్ల కూజాకి, గింజల కుండకి గులకరాయితో రుద్ది మెరుగు పెడతారు. పాతే కుండకి పొట్ట దగ్గర మెరుగు పెట్టొద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. మెడ మాత్రం రుద్దండి, అది భూమి పైన ఉండే భాగం, అక్కడ నీరు ఆవిరి కాకూడదు. మూతకి చిన్న మూకుడు కూడా అప్పుడే చేసేయండి.

ఆరబెట్టడం

నీడలో, గాలి ఒకే వైపు నుంచి కొట్టని చోట. మొదటి రెండు రోజులు తడి గోనె కప్పండి, తర్వాత బోర్లించి పెట్టి మెల్లగా తియ్యండి. ఒక పక్క త్వరగా ఆరి ఇంకో పక్క తడిగా ఉంటే చీలిక వస్తుంది. మొత్తం పది రోజులు పెట్టుకోండి. ఆఖరి రోజు ఎండలో పెట్టొచ్చు.

మన ప్రాంతంలో సంక్రాంతి దాటాక ఉగాది దాకా దీనికి మంచి కాలం. రోహిణి ఎండల్లో మట్టి మరీ త్వరగా ఆరుతుంది, మృగశిర తర్వాత ఆరనే ఆరదు.

కాల్చడం

కుండ ఎండిపోయినట్టు కనబడినా లోపల నీరు ఉంటుంది. 100 డిగ్రీలకి అది ఆవిరై బయటికి దారి లేక గోడని పేలుస్తుంది. ఆ తర్వాత 550, 600 డిగ్రీల దగ్గర మట్టి అణువుల్లో ఉన్న నీరు కూడా పోతుంది. అప్పుడే మట్టి కుండ అవుతుంది, ఇక నీళ్లలో కరగదు. పిడకల మంటలో 600 నుంచి 800 దాకా వస్తుంది, మనకి అది చాలు.

అందుకే రెండు దశలు.

మొదటి దశ, వెచ్చబెట్టడం. కుండల్ని బోర్లించి, చుట్టూ రెండు అడుగుల దూరంలో చిన్న పొగమంట పెట్టి, రెండు మూడు గంటల్లో మెల్లగా దగ్గరికి జరపండి. అయిందో లేదో తెలుసుకోవాలంటే, ఒక కుండ మూతి మీద చల్లటి స్టీలు పళ్లెం కాసేపు పెట్టి తియ్యండి. పళ్లేనికి చెమ్మ పడితే ఇంకా ఆగాలి.

రెండో దశ, ఆవం. మోకాలి లోతులో సగం గుంట తవ్వండి. అడుగున జానెడు మందం ఊక, దాని మీద పిడకల వరస, దాని మీద వెచ్చగా ఉన్న కుండలు బోర్లించి, మధ్యలో పిడకలు, కొబ్బరి చిప్పలు. పైన పాత పెంకులు కప్పి, మళ్లీ పిడకలు, పైన గడ్డి, దాని మీద పలచగా మట్టి అడుసు. చుట్టూ నాలుగైదు గాలి రంధ్రాలు వదలండి. గాలి వచ్చే వైపు నుంచి కాకుండా ఎదుటి వైపు నుంచి అంటించండి, మెల్లగా రాజుకుంటుంది. ఎనిమిది కుండలకి మాకు సుమారు నూట యాభై పిడకలు, నాలుగు బస్తాల ఊక పట్టింది.

రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే ఆత్రపడి తెరవొద్దు. వేడి కుండకి చల్లగాలి తగిలితే చీలుతుంది. బూడిదలో చెయ్యి పెట్టగలిగినప్పుడు తియ్యండి. ఆ బూడిద పారెయ్యక కూరమొక్కలకి వాడుకోండి.

జాగ్రత్త ముఖ్యం. గడ్డివాముకి, తాటాకు పాకకి, పశువుల కొట్టానికి దూరంగా, గాలి లేని సాయంత్రం చూసుకుని పెట్టండి. రెండు డ్రమ్ముల నీళ్లు పక్కన ఉండాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

కుండ చూసుకోవడం, పాతడం

వేలితో కొడితే ఖంగుమనాలి. బొదబొదమంటే కాలలేదు లేదా కనబడని చీలిక ఉంది. నీళ్లు నింపి నీడలో పెట్టండి. గంట రెండు గంటల్లో గోడంతా చెమర్చాలి. ధారగా ఏ చోటైనా కారితే దాన్ని పాతొద్దు, దంచి పెంకు పొడి చేసుకోండి, తర్వాతి కుండకి అది ఎరువు లాంటిది.

కుండ కన్నా రెండింతల వెడల్పు గుంట తవ్వి, మట్టిలో పశువుల ఎరువు, ఘనజీవామృతం కలిపి, మెడ వరకు పూడ్చండి. చుట్టూ జానెడు దూరంలో నాలుగు పాదులు: బీర, సొర, దోస, పొట్ల. గింజ మొలిచేదాకా పైన కొంచెం తడపాలి, వేరు కుండని అందుకున్నాక అక్కర్లేదు. మూకుడు మూసి ఉంచండి, లేకపోతే దోమలు పెడతాయి. నేలని బట్టి మూడు నాలుగు రోజులకోసారి నింపాలి. చుట్టూ ఆచ్ఛాదన పరిస్తే ఇంకా ఆగుతుంది.

జీవామృతం కుండలో పొయ్యొద్దు. చాలామంది అడిగిన ప్రశ్న ఇది. అందులో పిండి, పేడ నలుసు రంధ్రాల్లో కూరుకుపోయి కుండ మూసుకుపోతుంది. జీవామృతం ఎప్పటిలా ఆచ్ఛాదన మీదే పొయ్యండి, కుండలో మంచినీళ్లు మాత్రమే. ఉప్పు నీరు వాడేవాళ్లు ఏడాదికోసారి కుండ తీసి పీచుతో రుద్ది నానబెట్టాలి.

లెక్క, హద్దులు

మూడు మీటర్లకి ఒక కుండ పెడితే ఐదు సెంట్ల పెరటికి ఇరవై రెండు కుండలు. రోజుకి నాలుగైదు చొప్పున కట్టి, ఎనిమిదేసి కాల్చితే మూడు ఆవాలు. ఇంటి కూరలకి, నారుకి, కొత్తగా పెట్టిన మామిడి, కొబ్బరి మొక్కకి మొదటి రెండు వేసవులు గట్టెక్కించడానికి ఇది బాగా పనికొస్తుంది. అదే లెక్కన ఎకరానికి దాదాపు 450 కుండలు కావాలి. అది చేత్తో అయ్యే పని కాదు. అంత కావాలంటే కుమ్మరిని వెతుక్కుని ముందుగా ఆర్డరు ఇవ్వండి. ఊక పాలు చెప్పండి, పొట్టకి మెరుగు వద్దని చెప్పండి, మీ పొలంలో మంచి బంకమట్టి ఉంటే ట్రాక్టరు మట్టి మీరే పంపండి. భీమడోలు పెద్దాయనకి మేము కుంట మట్టి రెండు ట్రక్కులు దింపాం. ఈ వేసవికి నర్సరీ కోసం అరవై కుండలు ఆయన దగ్గరే చేయిస్తున్నాం. "మట్టి ఇంటికొచ్చిందంటే పని నాకు బరువు కాదు బాబూ" అన్నారు. మన దగ్గర కింది మట్టి వృథాగా గట్టు మీద పడుతోంది, ఆయన దగ్గర మట్టి లేక ఆవం చల్లారుతోంది. ఈ రెండూ కలపడం మన ప్రాంతం రైతుల చేతిలో పనే.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ముందు కుండ జోలికి వెళ్లొద్దు. ఈ వారం మీ పొలం మట్టితో మూడు పాళ్లలో మూడు బిళ్లలు చేసి, 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడలో పెట్టండి. ఆరాక కొలిచి, మీ ఊరు పేరు, మట్టి రంగు, గీత ఎంతకి దిగిందో రాసి పంపండి. పల్లం నుంచి, మెట్ట నుంచి వచ్చిన కొలతలన్నీ కలిపి ఏ వైపు మట్టికి ఏ పాలు కుదురుతుందో వచ్చే వీడియోలో చూపిస్తాను.